లారీ ముక్కు భద్రం!

కొత్త టైర్లు కొనాలంటే పదిమందిని అడుగుతాం. ఇంజినాయిల్‌ ఏది మంచిదో ఆరా తీస్తాం. లారీ పీల్చే గాలిని వడగట్టే ఫిల్టర్‌ దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ఏదో ఒకటి వెయ్యవయ్యా' అనేస్తాం. ఆ ఒక్క మాట ఖరీదు ఒక్కోసారి లక్షల్లో ఉంటుంది.

విజయవాడ ఆటోనగర్‌. విడిభాగాల దుకాణాల వరసలో ఓ కౌంటర్‌. లారీని చెట్టు నీడన ఆపి, భుజమ్మీది తుండుతో మొహం తుడుచుకుంటూ వస్తాడో ఓనరు. డ్రైవరూ అతనే. ఉన్నది ఒక్కటే బండి.

''ఎయిర్‌ ఫిల్టర్‌ కావాలండీ.''

''కంపెనీదివ్వమంటారా, బయటిదా?''

జవాబు కోసం చూడకుండానే దుకాణదారు మూడు డబ్బాలు ముందు పెడతాడు. ''ఇది కంపెనీది. ఇది వేరే బ్రాండు, ఇదీ మంచిదే. ఇదేమో లోకల్‌ది, ధర సగమే.'' వెనక అద్దాల బీరువాలో ఇంకోటి మెరుస్తూ ఉంటుంది. ఎర్రటి గుడ్డ మడతలు, తళతళలాడే స్టీలు మూత. ''అది కడిగి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. బండి పికప్‌ పెరుగుతుందంటున్నారు.''

ఓనరు ఓ క్షణం ఆలోచిస్తాడు. పదో తారీఖున ఫైనాన్స్‌ వాయిదా కట్టాలి. పిల్లాడి కాలేజీ ఫీజుంది. వెనక రెండు టైర్లు అరిగిపోయాయి. ''ఏదైతే ఏముంది లెండి... అట్టముక్కేగా! ఆ మూడోది ఇవ్వండి.''

ఇలాంటి బేరం ఆటోనగర్‌లోనే కాదు, లారీలు ఆగే ప్రతి ఊళ్లోనూ జరుగుతుంది. చూడ్డానికి అది అట్టముక్కే. కానీ ఆ బండి మీద ఆధారపడిన ఇంటికి అది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే ముందు ఇంజిన్‌ ఊపిరి గురించి తెలుసుకోవాలి.

వెయ్యిమంది ఊపిరి

లారీ తాగేది డీజిలే అనుకుంటాం. నిజానికి డీజిల్‌ కంటే గాలినే ఎక్కువగా తీసుకుంటుంది. కిలో డీజిల్‌ పూర్తిగా మండాలంటే కనీసం పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. లెక్క వేస్తే లీటరు డీజిల్‌కి సుమారు 10 వేల లీటర్ల గాలి. ఇది కనీసం మాత్రమే. పొగ రాకుండా శుభ్రంగా మండటానికి డీజిల్‌ ఇంజిన్‌ అంతకు ఒకటిన్నర రెట్లో, ఇంకా ఎక్కువో పీలుస్తుంది.

ఇంకోలా చూద్దాం. 6 లీటర్ల ఇంజిన్‌ నిమిషానికి 2 వేల చుట్లు తిరుగుతుంటే ఆ నిమిషంలో 6 వేల లీటర్ల గాలి లోపలికి పోతుంది. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి పీల్చేది దాదాపు 6 లీటర్లు. అంటే ఒక్క లారీ ఇంజిన్‌ వెయ్యిమందికి సరిపడా ఊపిరి తీసుకుంటుందన్నమాట. టర్బో ఉన్న బండయితే గాలిని ఒత్తి మరీ లోపలికి నెడుతుంది కాబట్టి ఆ లెక్క రెట్టింపు కూడా కావచ్చు.

నెలకు 8 వేల కిలోమీటర్లు తిరిగి, లీటరుకు నాలుగు కిలోమీటర్ల మైలేజీ ఇచ్చే బండికి 2 వేల లీటర్ల డీజిల్‌ పడుతుంది. దానికి తోడుగా కనీసం 2 కోట్ల లీటర్ల గాలి కావాలి. ఆ గాలి ఎక్కడిది? చీమకుర్తి గ్రానైట్‌ క్వారీలది. తాండూరు నాపరాతి గనులది. రామగుండం బొగ్గు రోడ్లది. ఎర్రమట్టి దారుల్లో ముందు పోతున్న టిప్పర్‌ లేపిన దుమ్ముది.

ఇసుక కాగితంలా...

మన రోడ్ల దుమ్ములో ఎక్కువ భాగం మెత్తగా నలిగిన రాయే. అందులోని సిలికా రేణువులు ఇంజిన్‌లోని ఇనుము కంటే గట్టివి. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది. ఇంజిన్‌కు ఎక్కువ చేటు చేసేవి 5 నుంచి 20 మైక్రాన్ల రేణువులు. ఇవి కంటికి కనపడవు. మనకు కనిపించే ఇసుక రేణువును ఎలాంటి ఫిల్టరైనా ఆపుతుంది. అసలు పరీక్షంతా ఈ కనపడని దుమ్ముతోనే.

ఇంజిన్‌లో పిస్టన్‌ రింగులకూ లైనర్‌కూ మధ్య ఉండేది పల్చటి ఆయిల్‌ పొర. దాని మందం కొన్ని మైక్రాన్లే. ఆ పొరకంటే పెద్ద రేణువు మధ్యలో ఇరుక్కుంటే అటు రింగునూ ఇటు లైనర్‌నూ గీరేస్తుంది. నిమిషానికి 2 వేల చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఇసుక కాగితం పెట్టి రుద్దినట్టే. ఆ గీరుడులో ఊడిన ఇనుప రజను ఆయిల్లో కలిసి బేరింగుల దాకా వెళ్తుంది. అక్కడా అదే పని చేస్తుంది.

దీనికి మొదటి గుర్తు ఆయిల్‌ తగ్గడం. తర్వాత బ్రీదర్‌ గొట్టంలోంచి పొగ వస్తుంది. ఎత్తు రోడ్డెక్కేటప్పుడు బండి ఈడుస్తుంది. సైలెన్సర్‌లోంచి నీలిరంగు పొగ కనిపిస్తుంది. చివరికి మెకానిక్‌ ''ఇంజిన్‌ దించాలండీ'' అంటాడు. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, కూలీ... అన్నీ కలిపితే లక్షల్లో మాట. బండి షెడ్డులో ఉన్నన్ని రోజులూ కిరాయి ఉండదు. ఫైనాన్స్‌ వాయిదా మాత్రం ఆగదు.

టర్బోకి ఇంకా కష్టం. దాని రెక్కలు నిమిషానికి లక్ష చుట్లు కూడా దాటి తిరుగుతాయి. ఆ వేగంలో తగిలే ప్రతి ఇసుక రేణువూ చిన్నపాటి తూటాయే. రెక్కల అంచులు అరిగిపోయాక ఆ టర్బో గాలిని సరిగా నెట్టలేదు.

కంపెనీ బిగించి ఇచ్చేదేమిటి?

ఇంజిన్‌కు దుమ్ము శత్రువన్న సంగతి మొదట్లోనే తెలిసొచ్చింది. అమెరికాలో 1915లో ఫ్రాంక్‌ డొనాల్డ్‌సన్‌ అనే ట్రాక్టర్ల సేల్స్‌ ఇంజినీరు, దుమ్ము నేలల్లో పనిచేసే ట్రాక్టర్‌ ఇంజిన్లు ఊరికే అరిగిపోవడం చూసి ఓ చిన్న ఉపాయం చేశాడు. గాలి పీల్చే గొట్టాన్ని దుమ్ముకు అందనంత ఎత్తుకు లేపి, దాని మూతికి వడపోత కట్టాడు. నేడు లారీ క్యాబిన్‌ వెనక నిటారుగా పైకి లేచి కనిపించే గొట్టంలో ఉన్నదీ ఆ ఆలోచనే.

మన దగ్గర పాత తరం లారీల్లో ఆయిల్‌ బాత్‌ ఎయిర్‌ క్లీనర్లు ఉండేవి. డబ్బా అడుగున నూనె. గాలి వేగంగా వచ్చి ఆ నూనె మీద మలుపు తిరిగేది. బరువైన దుమ్ము నూనెలో పడిపోయేది. మిగిలినది నూనెతో తడిసిన తీగల జల్లెడకు అంటుకునేది. నూనె మార్చుకుంటే చాలు, ఏళ్ల తరబడి పనిచేసేది. అయితే సన్నటి దుమ్ముని ఆపడంలో కాగితపు ఫిల్టర్‌కు అది సాటిరాలేదు. ఇంజిన్‌ నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి వేగం తగ్గి దాని పనితనం ఇంకా పడిపోయేది. అందుకే టర్బో ఇంజిన్లు వచ్చాక దాని స్థానాన్ని కాగితపు ఫిల్టర్‌ ఆక్రమించింది.

ఇవాళ్టి లారీలో గాలి ప్రయాణం ఇలా సాగుతుంది. ఎత్తులో ఉన్న మూతిలోంచి లోపలికొచ్చిన గాలి ముందు డబ్బాలో గిరగిరా తిరుగుతుంది. ఆ తిరుగుడుకు బరువైన దుమ్ము గోడలకు కొట్టుకుని కిందికి జారి, అడుగునున్న రబ్బరు మూతిలోంచి బయట పడిపోతుంది. మిగిలిన గాలి మడతల కాగితమున్న పెద్ద ఫిల్టర్‌ గుండా వెళ్తుంది. దాని లోపల చాలా బళ్లలో ఇంకో సన్నటి ఫిల్టర్‌ ఉంటుంది. మెకానిక్కులు 'లోపలిది' అనేది దీన్నే. పెద్దది చిరిగినా, మార్చేటప్పుడు దుమ్ము రాలినా ఇంజిన్‌ను కాపాడే కాపలాదారు ఇది. అక్కడినుంచి రబ్బరు గొట్టం, టర్బో, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ దాటి గాలి ఇంజిన్‌కు చేరుతుంది.

ఈ మొత్తాన్ని ఆ ఇంజిన్‌ పీల్చే గాలికి, ఆ బండి తిరిగే రోడ్డుకి తగ్గట్టు లెక్క వేసి కడతారు. అందులో ఒక్కటి మారినా మిగతావాటి లెక్క తప్పుతుంది.

పికప్‌ పెరుగుతుందా?

ఇక ఆ అద్దాల బీరువాలో మెరిసేదాని సంగతి. నూనె పట్టించిన నూలు గుడ్డతో చేసే ఈ ఫిల్టర్లకు పుట్టిల్లు అమెరికా మోటారు పందేలు. 1969లో కాలిఫోర్నియాలో మొదలైన కేఅండ్‌ఎన్‌ సంస్థ పేరు ఈ రంగంలో బాగా వినిపిస్తుంది. అక్కడ 6 లీటర్లు దాటిన డీజిల్‌ ఇంజిన్లున్న పికప్‌ ట్రక్కులు ఇంటింటి బళ్లు. టెక్సాస్‌లాంటి చోట్ల స్థిరపడ్డ మనవాళ్ల వీధుల్లోనూ కనిపిస్తాయి. వాటికి కంపెనీ బిగించిన గాలి డబ్బాను పీకేసి, లావుపాటి గొట్టం, పెద్ద ఫిల్టర్‌ వేయించుకోవడం అక్కడో సరదా. 'గాలి ధారాళంగా పోతుంది కాబట్టి శక్తి పెరుగుతుంది' అన్నది ప్రచారం.

అందులో నిజమెంత?

పెట్రోలు ఇంజిన్‌కూ డీజిల్‌ ఇంజిన్‌కూ ఇక్కడే తేడా ఉంది. పెట్రోలు ఇంజిన్‌లో ఎంత గాలి వెళ్తే అందుకు తగ్గ పెట్రోలు వెళ్తుంది. డీజిల్‌ ఇంజిన్‌లో శక్తిని నిర్ణయించేది గాలి కాదు, పంపు చిమ్మే డీజిల్‌. ఫిల్టర్‌ శుభ్రంగా ఉన్న బండికి అవసరానికి మించిన గాలి ముందే అందుతోంది. దానికి ఇంకాస్త గాలి ఇచ్చినంత మాత్రాన పెద్దగా ఒరిగేదేమీ లేదు. నిండా భోజనం చేసినవాడి ముందు ఇంకో కుండెడు అన్నం పెట్టినట్టు! పంపు సెట్టింగులు మార్చి, కంప్యూటర్‌ ప్రోగ్రాం మార్చి డీజిల్‌ పెంచినవాళ్లకే ఆ అదనపు గాలితో పని. సరుకు మోసుకుని కిస్తీలు కట్టుకునే లారీకి ఆ అవసరం లేదు.

మరి వేయించుకున్నవాళ్లు తేడా కనిపించిందంటారేం? తేడా వినిపిస్తుంది. కంపెనీ డబ్బా గాలి శబ్దాన్ని కూడా అణిచిపెడుతుంది. దాన్ని తీసేస్తే టర్బో ఈల, గాలి హోరు బయటికొస్తాయి. చప్పుడు పెరిగితే జోరు పెరిగినట్టే అనిపిస్తుంది. పైగా పాత మురికి ఫిల్టర్‌ తీసి ఏది వేసినా బండి తేలిగ్గానే ఉంటుంది. ఆ ఘనత కొత్తదానికి దక్కుతుంది.

ఇంకో చిక్కుంది. డబ్బా లేకుండా ఇంజిన్‌ పక్కన బోర్లించిన ఫిల్టర్‌ అక్కడి వేడిగాలినే పీలుస్తుంది. గాలి వేడి దాదాపు 3 డిగ్రీలు పెరిగితే దాని సాంద్రత ఒక శాతం తగ్గుతుంది. కంపెనీ గొట్టం ఎత్తులోంచి బయటి గాలిని తెస్తుంటే, డబ్బు పెట్టి మరీ వేడిగాలి తెచ్చుకోవడం ఏం లాభం? నూనె ఎక్కువైన గుడ్డ ఫిల్టర్‌తో మరో ఇబ్బంది, కొత్త బళ్లలో గాలిని కొలిచే సెన్సర్‌ తీగ మీద ఆ నూనె పేరుకోవచ్చు. అప్పుడు కంప్యూటర్‌ లెక్కలు తప్పుతాయి.

మైలేజీ సంగతీ అంతే. 2009లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌ జాతీయ ప్రయోగశాల పెట్రోలు కార్ల మీద పరీక్షలు చేసింది. కంప్యూటర్‌ నియంత్రణలో నడిచే కార్లలో ఫిల్టర్‌ మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, వేగం అందుకోవడం మాత్రం మందగించింది. మూసుకుపోతేనే అంత తేడా రానప్పుడు, శుభ్రంగా ఉన్నదాన్ని తీసి ఖరీదైనది వేస్తే మైలేజీ అమాంతం ఎలా పెరుగుతుంది? డీజిల్‌ లారీలో ఫిల్టర్‌ బాగా మూసుకుపోతే మాత్రం నల్లపొగ వస్తుంది, లాగుడు తగ్గుతుంది. దానికి మందు అదే రకం కొత్త ఫిల్టర్‌.

రెండు శాతం లెక్క

''98 శాతం దుమ్ము ఆపుతుందండీ'' అని అమ్మేవాళ్లు గట్టిగా చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది. పరీక్షలో 98 మార్కులొస్తే ఇంట్లో స్వీట్లు పంచుతాం కదా!

ఇక్కడ లెక్క తిరగేసి చూడాలి. లారీల కోసం చేసిన మంచి కాగితపు ఫిల్టర్‌ 99.9 శాతం దుమ్ముని ఆపుతుంది. కిలో దుమ్ము వచ్చిందనుకుంటే లోపలికి జారేది ఒక గ్రాము. 98 శాతం ఆపేదైతే జారేది 20 గ్రాములు. ఆపిన లెక్కలో తేడా రెండు శాతంలోపే. ఇంజిన్‌ మింగిన లెక్కలో 20 రెట్లు! కారు పందెంలో రెండు గంటలు పరిగెత్తే ఇంజిన్‌కు అది లెక్కలోకి రాదు. ఏళ్ల తరబడి క్వారీ దారుల్లో తిరిగే టిప్పర్‌కు ప్రాణాంతకం.

ఫిల్టర్ల సామర్థ్యాన్ని కొలవడానికి ఐఎస్‌వో 5011 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. కొలత తెలిసిన దుమ్ముని ఫిల్టర్‌ మీదికి పంపి, ఎంత ఆపింది, ఎంత పట్టుకోగలిగింది, గాలికి ఎంత అడ్డు తగిలింది అన్న మూడూ చూస్తారు. మూడూ బాగుంటేనే మంచి ఫిల్టర్‌. 'గాలి బాగా పోతుంది' అన్న ఒక్క మాటే చెప్పి మిగతా రెండూ దాచారంటే అనుమానించాల్సిందే.

బయటిదంతా చెడ్డదేనా?

కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. లారీ తయారుచేసే కంపెనీలు ఫిల్టర్లను సాధారణంగా సొంతంగా చేసుకోవు. ఫిల్టర్లే వృత్తిగా ఉన్న సంస్థల నుంచి కొంటాయి. ఆ సంస్థలు అలాంటి సరుకునే సొంత పేరుతో బజార్లోనూ అమ్ముతాయి. దుకాణదారు చూపించిన రెండో డబ్బా అలాంటిదే అయితే నిశ్చింతగా తీసుకోవచ్చు. ధర కాస్త తక్కువ, పనితనం దాదాపు అదే. వారంటీ దాటిన బండికి ఇది తెలివైన ఎంపిక.

భయపడాల్సింది రెండింటికి. ఒకటి, ఎవరు చేశారో తెలియని సగం ధర సరుకు. రెండు, పేరున్న కంపెనీ డబ్బాలో వచ్చే నకిలీ. పైన పటారం, లోన లొటారం! మడతలు తక్కువ పెడితే కాగితం ఖర్చు కలిసొస్తుంది. తక్కువ కాగితం తొందరగా మూసుకుపోతుంది. రెసిన్‌ సరిగా పట్టని కాగితం వానాకాలం చెమ్మకు మెత్తబడుతుంది. అంచున రబ్బరు గట్టిగా, ఎగుడుదిగుడుగా ఉంటే డబ్బాలో సరిగా కూర్చోదు. ఆ సందులోంచి పోయే గాలికి ఏ వడపోతా ఉండదు. ఎంత మంచి కాగితమైనా సందు ఉంటే వృథా. తలుపేసి కిటికీ తెరిచిపెట్టినట్టు.

బండి వారంటీలో ఉంటే మాత్రం కంపెనీ చెప్పిందే వేయించి, బిల్లు దాచుకోవడం మేలు. అమెరికాలో 1975 నాటి మ్యాగ్నసన్‌-మాస్‌ చట్టం ప్రకారం, బయటి విడిభాగం వాడారన్న ఒక్క కారణంతో వారంటీ ఎగ్గొట్టడం కుదరదు. ఆ భాగం వల్లే ఇంజిన్‌ చెడిందని కంపెనీ చూపించాలి. మన దగ్గర వారంటీ పుస్తకంలోని షరతులు చదువుకోవడమే దారి. ఫిల్టర్‌ మార్చడం వేరు, గాలి గొట్టాల అమరికనే మార్చేయడం వేరన్నదీ గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రేషన్‌ వివరాలు తయారీదారు ఇచ్చినవాటితో సరిపోలకుండా పోయేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ చెబుతోంది. కాలిఫోర్నియాలోనైతే రోడ్డు మీద తిరిగే బండికి బయటి గాలి గొట్టాలు బిగించాలంటే వాటికి అక్కడి వాయు వనరుల మండలి అనుమతి ఉండాలి.

2020 ఏప్రిల్‌ నుంచి అమ్ముతున్న బీఎస్‌-6 లారీల ఓనర్లు ఇంకో సంగతి గమనించాలి. ఈ బళ్ల సైలెన్సర్‌ దారిలో మసిని పట్టి కాల్చేసే వడపోత ఉంటుంది. మసి కాలిపోతుంది కానీ, మండిన ఇంజినాయిల్‌ తాలూకు బూడిద కాలదు. అక్కడే పేరుకుపోతుంది. దుమ్ముతో రింగులరిగి ఆయిల్‌ మండటం మొదలైతే, ముందున్న చవక ఫిల్టర్‌ పుణ్యమా అని వెనకున్న ఖరీదైన వడపోత కూడా మూసుకుపోతుంది.

అతి శుభ్రం అసలుకే మోసం

మంచి ఫిల్టర్‌ కొంటే సరిపోదు. దాన్ని బతకనివ్వాలి. టైరు పంక్చర్ల షాపు దగ్గర ఆగినప్పుడు క్లీనరు కుర్రాడు ఫిల్టర్‌ బయటికి తీసి, టైరుకేసి నాలుగు బాది, గాలి పైపు పెట్టి కొట్టడం మనకు అలవాటైన దృశ్యం. కుర్రాడు శ్రద్ధగలవాడని ఓనరు మురిసిపోతాడు. ఆ శ్రద్ధే కొంప ముంచుతుంది.

బాదితే అంచులు సొట్టపోతాయి, సీలు దెబ్బతింటుంది. టైర్లు నింపే గాలి ఒత్తిడి 100 పౌండ్లు దాటి ఉంటుంది. కాగితం తట్టుకునేది దాదాపు 30 పౌండ్లే. ఆ దెబ్బకు కంటికి కనపడని చిరుగులు పడతాయి. దుమ్ముకు అంతకంటే రాజమార్గం ఏముంటుంది? పైగా ఫిల్టర్‌ తీసిన ప్రతిసారీ కొంత దుమ్ము శుభ్రమైన వైపు రాలుతుంది.

అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. కాస్త దుమ్ము పట్టిన ఫిల్టర్‌, సరికొత్త ఫిల్టర్‌ కంటే బాగా వడగడుతుంది! కాగితం మీద పేరుకున్న దుమ్ము పొరే ఇంకో వడపోతలా పనిచేసి, సన్నటి రేణువుల్ని ఆపుతుంది. పైకి మురికిగా కనిపించిందని తీసి దులపడమంటే, పనిలో కుదురుకున్న కాపలాదారును తీసేసి కొత్తవాణ్ని పెట్టుకోవడమే.

మరి మార్చాల్సిన సమయం ఎలా తెలుస్తుంది? దానికే చాలా లారీల్లో గాలి డబ్బా మీదో, గొట్టం మీదో వేలెడంత సూచిక ఉంటుంది. గాలికి అడ్డు హద్దు మీరితే అందులో ఎర్ర పట్టీ కనిపిస్తుంది. కొత్త బళ్లలో డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. ఎర్ర పట్టీ వచ్చేదాకా, లేదా కంపెనీ చెప్పిన గడువు వచ్చేదాకా ఫిల్టర్‌ను కదపకపోవడమే దానికి చేసే సేవ. లోపలి చిన్న ఫిల్టర్‌ను అసలు శుభ్రం చేయకూడదు. గడువు రాగానే మార్చడమే. 'గాలి బాగా ఆడుతుంది' అని దాన్ని తీసి పారేసేవాళ్లూ ఉన్నారు. కాపలా కుక్కను తరిమేసి తలుపులు తీసుకుని పడుకోవడం లాంటిదది.

ఇంటి దొంగ ఇంకొకడున్నాడు. ఫిల్టర్‌ తర్వాత టర్బో దాకా వెళ్లే రబ్బరు గొట్టం. అది పగిలినా, క్లిప్పు వదులైనా ఫిల్టర్‌తో పనిలేకుండా దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. ఫిల్టర్‌ దాటాక గొట్టం లోపల వేలితో రాసి చూస్తే దుమ్ము అంటిందా, ఎక్కడో సందు ఉన్నట్టే.

కొనేముందు ఇవి చూడండి

* పాత ఫిల్టర్‌ను, దాని మీది పార్ట్‌ నంబరును వెంట తీసుకెళ్లండి. 'ఈ మోడల్‌కి సరిపోతుంది' అన్న మాట చాలదు.

* పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఎత్తు, వెడల్పు, మడతల సంఖ్య పోల్చండి. మడతలు తక్కువుంటే వద్దనండి.

* అంచు రబ్బరును నొక్కండి. మెత్తగా లోపలికి వెళ్లి మళ్లీ పైకి రావాలి.

* ఫిల్టర్‌ లోపల టార్చిలైటు పెట్టి చీకట్లో చూడండి. ఎక్కడైనా సూదిమొనంత వెలుగు చుక్కలా కనిపిస్తే తీసుకోకండి.

* డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల ఉండాలి. హోలోగ్రాం, అచ్చుతప్పులు గమనించండి. బిల్లు అడిగితే దుకాణదారు నీళ్లు నమిలాడంటే దణ్ణం పెట్టి వచ్చేయండి.

* బిగించాక డబ్బా అడుగున దుమ్ము రాల్చే రబ్బరు మూతి పగలకుండా ఉందో లేదో చూడండి.

* ఆయిల్‌ మార్చేటప్పుడు ఎంత తగ్గిందో పుస్తకంలో రాసుకోండి. ఆయిల్‌ను ల్యాబ్‌లో పరీక్షిస్తే సిలికాన్‌, ఇనుము పాళ్లు చెబుతారు. రెండూ కలిసి పెరుగుతుంటే దుమ్ము లోపలికి పోతోందన్నమాట.

మళ్లీ ఆ కౌంటర్‌ దగ్గరికి...

మొదటి డబ్బాకూ మూడో డబ్బాకూ మధ్య తేడా కొన్ని వందల రూపాయలు. ఒక పూట లోడింగ్‌ కూలీ. మామూలు హైవే బండికి ఆ ఖర్చు ఏడాదికి ఒకట్రెండుసార్లే వస్తుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకునేది ఇక్కడే.

అద్దాల బీరువాలోని ఎర్రటి ఫిల్టర్‌ చెడ్డదని కాదు. దాని స్థానం పందెపు మైదానం. అక్కడ ఒక్క సెకనుకు విలువ ఉంటుంది, ఇంజిన్‌ను రేపు విప్పి మళ్లీ బిగించుకునే స్తోమత ఉంటుంది. లారీ ఓనరుకు కావలసింది సెకన్లు కాదు, సంవత్సరాలు. కొన్న బండి అప్పు తీరేదాకా, ఆ తర్వాత లాభం కళ్లజూసేదాకా ఇంజిన్‌ విప్పకుండా నడవాలి. ఆ లెక్కలో గెలిచేది కంపెనీ బిగించిన సాదాసీదా నల్లడబ్బా, అందులో సరిగ్గా కూర్చునే మంచి కాగితపు ఫిల్టరే.

ఓనర్లు బండి తాళం తీసేముందు టైర్లు తట్టి చూస్తారు. అద్దం తుడుస్తారు. నిమ్మకాయలు కడతారు. దాంతోపాటు ఒక్క చూపు ఆ ఎర్ర పట్టీ మీద, ఒక్క చెయ్యి ఆ రబ్బరు గొట్టం మీద వేస్తే చాలు. లారీ ఊపిరి బాగుంటే, ఆ లారీని నమ్ముకున్న ఇల్లూ హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది.